అక్క బరువు తగ్గిన ఎండాకాలం

ఆ పెళ్ళి ఫోటోలో పెళ్ళికొడుకు సరిగ్గా కనిపించడు. అతనికి అటు అక్క, ఇటు నేను. మా ఇద్దరి నడుమ అతని తలపాగా, పట్టుపంచె అంచు మాత్రం తేలాయి. వెంకటాచలంలో ఆ పెళ్ళి జరిగిన వారానికి ఎవరో దాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దాని కింద ఇంకెవరో, "మైపాడు నుంచి రెండు లంగర్లు వచ్చినట్టుండాయే" అని రాశారు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. మేం కూడా పెట్టాం.

ఆ సాయంత్రం అక్క ఫోను చేతిలో పట్టుకుని మా ఇంటికి నడుచుకుంటూ వచ్చింది. మా ఇంటికీ ఆమె ఇంటికీ రెండు వీధులే దూరం. ఆ కాస్తకే ఆయాసపడుతూ అరుగు మీద కూలబడింది.

"చూసినావా?"

"చూసినా."

"ఇంగ మానేస్తుండా."

"ఏంది మానేసేది?"

"విషం," అంది అక్క. "తెల్లగా ఉండేదంతా విషమేనంట. తెల్లన్నం, చక్కెర, మైదా, రిఫైండ్ నూనె. ఇవి మానేసి శుభ్రమైన తిండి తింటే చాలంట. ఎంత తిన్నా లావు కారంట."

అప్పటికి అక్కకు నలభై ఎనిమిదేళ్ళు. నాకంటే అయిదేళ్ళు పెద్ద. ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషన్ వేసుకుని ఊళ్ళో ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేది. మిషన్ మీద ఫోను ఆనించుకుని, కుడుతున్నంత సేపూ వీడియోలు వినేది. విషం సంగతి ఆమెకు అందులోనే తెలిసింది.

నాకు ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. నేను రొయ్యల గుంటల మీద సూపర్‌వైజర్ని. ఏ గుంటకు ఏ పూట ఎన్ని కిలోల మేత వేయాలో చెప్పడం నా పని. ఎంత మేత పడితే ఎంత బరువు రావాలో లెక్క ఉంటుంది. ఆ లెక్కతోనే బతికేవాణ్ణి కనక మనిషికీ అదే సరిపోతుందనుకున్నాను. ఫోనులో కేలరీలు లెక్కకట్టే యాప్ పెట్టుకున్నాను. రోజుకు పదిహేను వందలు. ఆ లోపల ఏం తిన్నా ఫరవాలేదు. బిస్కెట్లు తిన్నా సరే, పరోటా తిన్నా సరే, తూచి రాసుకోవాలి, అంతే.

"నీ ఫోను ఒప్పుకుంటేనే తింటావా?" అని అక్క ఎగతాళి చేసింది.

"నువ్వు శుభ్రంగా ఉందని బెల్లం గంపెడు తిను. ఆదివారం కాటా చెప్తది."

ఆ మాటతో పందెం మొదలైంది. గుంటల దగ్గర షెడ్డులో, పట్టుబడి రోజు, అంటే గుంటలోంచి పట్టిన రొయ్యలు అమ్మే రోజు, వాటిని తూచే ఎలక్ట్రానిక్ కాటా ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున బావ అక్కను బండి మీద అక్కడికి తీసుకొచ్చేవాడు. ఇద్దరం చెప్పులు విడిచి ఒకరి తర్వాత ఒకరం దాని మీద నిలబడేవాళ్ళం. ఫిబ్రవరిలో, మొదటి ఆదివారం అక్క ఎనభై నాలుగు, నేను తొంభై ఒకటి.

ఆ నాలుగు నెలల్లో నాకు తెలిసిందేమిటి, తెలియనిదేమిటి అని విడదీసుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. తెలిసిందే ఎక్కువ. దాన్ని రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

రెండో ఆదివారానికి నేను ఆరు వందల గ్రాములు తగ్గాను. అక్క మూడు కిలోలు తగ్గింది. మొదట్లో నీరు పోతుందిలే అనుకున్నాను. మూడో వారం ఇంకో రెండు కిలోలు. నేను ఆకలితో బీపీ వచ్చినవాడిలా అందరి మీదా కసురుతూ, ఇడ్లీలు తూచుకుంటూ, వారానికి అరకిలో దించలేక చస్తుంటే అక్క నవ్వుతూ కాటా ఎక్కి నవ్వుతూ దిగేది. ఏప్రిల్ ఆఖరుకు డెబ్బై మూడుకు వచ్చింది.

వీధిలో ఆడవాళ్ళు ఆమెను ఆపి మరీ అడిగేవాళ్ళు. తన జాకెట్లు తానే రెండు వారాలకోసారి విప్పి, కుట్లు లోపలికి వేసుకునేది. "ఇంగ లోపలికి వేయడానికి గుడ్డ లేదురా," అని గర్వంగా చూపించింది ఒకరోజు. ఏం తినాలో, ఏం తినకూడదో ఒక కాగితం మీద రాసి మిషన్ వెనక గోడకు అంటించింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు దాన్ని ఫోనులో ఫోటో తీసుకుని పోయేవాళ్ళు.

మా ఆవిడ ఒక్కతే మెచ్చుకోలేదు.

"వదిన మొహం చూసినారా?" అంది ఒక మధ్యాహ్నం. "చెంపలు లోపలికి పోయినాయి."

"బరువు తగ్గితే అట్టనే ఉంటది."

"తగ్గినట్టు లేదు. ఎండిపోతున్నట్టుంది. పొద్దస్తమానం నీళ్ళు తాగతానే ఉంది. నేను కూర్చున్న గంటలో నాలుగుసార్లు బాత్రూముకు పోయింది. ఆ బాత్రూము నిండా చీమలు. అన్నయ్య మందు చల్లతానే ఉండాడంట, అయినా వస్తుండాయంట."

"ఎండాకాలం. నీళ్ళు తాగరా? చీమలు రావా?"

నాకు ఆ మాటలు వినబుద్ధి కాలేదు. అక్క గెలుస్తోందని మంటగా ఉంది నాకు. తెల్లన్నం మానేసినంత మాత్రాన ఎవరైనా అట్లా తగ్గిపోతే ఇక నా లెక్కకు అర్థమేముంది?

మే నెలలో ఒక గుంట పట్టుబడి అయిపోయి నాకు రెండు రోజులు తీరిక దొరికింది. ఊరికే కూర్చోవడానికని చెప్పి అక్క ఇంటికి పోయాను. ఉన్న మాట చెప్పాలంటే ఆమె తిండి లెక్కకట్టడానికి పోయాను. పొద్దున బెల్లం వేసిన రాగి జావ పెద్ద చెంబుడు తాగింది. పది గంటలకు రెండు మామిడిపండ్లు. మధ్యాహ్నం కొర్రన్నం, ముద్దపప్పు, నెయ్యి, చేపల పులుసు. మూడింటికి తేనె కలిపిన నిమ్మనీళ్ళు, గుప్పెడు ఖర్జూరాలు. సాయంత్రం సపోటాలు. ఆమె అటు తిరిగినప్పుడల్లా నేను ఫోనులో ఎక్కించాను. చీకటి పడకముందే ఇరవై రెండు వందలు దాటింది. రాత్రి భోజనం ఇంకా ఉంది.

"ఇంత ఆకలేందక్కా నీకు?"

"శుభ్రమైన తిండి తింటే ఆకలి కూడా శుభ్రంగా అయితదిరా," అని నవ్వింది.

నవ్వుతూనే సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. దారం కొస నోట తడిపి మళ్ళీ ప్రయత్నించింది. మూడోసారి సూది నా వైపు తిప్పి, "నువ్వెక్కించు. అద్దాలు మార్చాల," అంది. ముప్ఫై ఏళ్ళుగా చూడకుండానే దారం ఎక్కించిన మనిషి.

నేను ఎక్కించి ఇచ్చాను. తొక్కుడుపలక మీద ఆమె కుడికాలు ఒకసారి జారిపోయి నేలకు తగిలింది. ఆమె అది గమనించనట్టే మళ్ళీ పైన పెట్టుకుంది.

"అరికాళ్ళు దూది మీద పెట్టినట్టుంటాయి," అంది. "నేల చల్లగా ఉందో కాలుతుందో తెలీదు. ఒంట్లో విషమంతా బయటికి పోయేటప్పుడు అట్టనే ఉంటదంట. వీడియోలో చెప్పినారు."

ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆ అంకె గురించే ఆలోచించాను. నేను పదిహేను వందలు తిని వారానికి అరకిలో తగ్గుతున్నాను. నాకంటే అంత ఎక్కువ తిని, రోజంతా కూర్చుని పనిచేసే అక్క దానికి మూడు రెట్లు తగ్గుతోంది. యాప్ తప్పయినా కావాలి, అక్క రహస్యంగా ఏదో పొడి తాగుతూ అయినా ఉండాలి అనుకున్నాను. మూడోది కూడా ఒకటి నా తలలోకి వచ్చింది. గుంటలో వేసిన మేత వేసినట్టు అయిపోతూ, విసురువల వేసి తీసిన శాంపిల్‌లో రొయ్య బరువు రాకపోతే మేం సంతోషించం. ఆ గుంటలో జబ్బు పడిందని అర్థం. ఆ రోజే ల్యాబుకు పంపిస్తాం. ఇరవయ్యేళ్ళ అనుభవంలో ఆ సంగతి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ ఆలోచన వచ్చిందనే చెప్తున్నాను. వచ్చింది, దాన్ని తోసేశాను. ఆ మాట అక్కతో అంటే ఏమంటుంది? ఓడిపోయి ఏడుస్తున్నాడంటుంది. వీధంతా అదే అంటుంది. ఆ రాత్రి నా పదిహేను వందలను పదమూడు వందలు చేసుకుని పడుకున్నాను.

జూన్ వచ్చినా వాన పడలేదు. వడగాలికి గుంటల గట్లు నెర్రెలిచ్చాయి. ఆదివారం పొద్దున అక్కా బావా వచ్చేసరికి నేను షెడ్డులో నీళ్ళు చల్లి కాటా కడిగి ఉంచాను. అక్క బండి దిగి నడుస్తుంటే చీర ఆమెకు కాకుండా ఎవరికో కట్టినట్టుంది. చెప్పులు విడిచి కాటా ఎక్కింది. అరవై నాలుగు కిలోల రెండు వందల గ్రాములు.

"ఇరవై కిలోలురా!" అంది చప్పట్లు కొడుతూ. "ఓటమి ఒప్పుకో."

ఆమె దిగింది. తడి పలక మీద ఆమె కుడికాలు పెట్టిన చోట ఎర్రటి మరక ఉంది. నీళ్ళలో కలిసి పలక అంచు దాకా పాకుతోంది.

"అక్కా, కాలేమైంది?"

"యా కాలు?"

బావ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి అరికాలు ఎత్తి చూశాడు. చిటికెన వేలి కింద, కండలో, విరిగిన మిషన్ సూది ముక్క దిగబడి ఉంది. కొస మాత్రం మెరుస్తోంది. చుట్టూ చర్మం నల్లబడి, ఉబ్బి ఉంది. అది ఆ రోజు దిగింది కాదు. ఎన్ని రోజులుగా దాని మీదే నడిచిందో, దానితోనే మిషన్ తొక్కిందో.

"నొప్పి లేదా?" అన్నాడు బావ.

అక్క వంగి తన కాలును ఎవరిదో చూసినట్టు చూసింది. "నాకేం తెలీలేదే," అంది.

బావ సూది లాగేశాడు. అప్పుడు కూడా ఆమె మొహంలో ఏమీ మారలేదు. అరికాలిలోంచి సూది లాగుతుంటే మనిషి కళ్ళు కూడా మూయలేదు.

"నెల్లూరికి పోదాం పదక్కా. ఇప్పుడే పోదాం."

"దీనికా? పసుపు పెడితే పోతది. ఆసుపత్రికి పోతే ఇంజెక్షన్లు, మాత్రలు. ఇన్ని నెలలు ఒంట్లోకి రానీకుండా చూసుకున్నదంతా ఒక్కరోజులో ఎక్కిస్తారు."

"సూది తుప్పు పట్టుంటే?"

"మాట మార్చొద్దు. ఓడిపోయినావా లేదా?"

"ఓడిపోయినా," అన్నాను.

అంతటితో ఊరుకున్నాను. చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించి ఉండొచ్చు. అరిచి ఉండొచ్చు. బావ నా వైపు చూశాడు, నేను ఏదైనా గట్టిగా అంటే తనూ అందామన్నట్టు. నేను అనలేదు. ఆయనా అనలేదు. అక్క కాలికి రుమాలు చుట్టుకుని, బండి ఎక్కి, చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున తొమ్మిది గంటలకు గుంటల దగ్గర ఉండగా బావ ఫోను చేశాడు.

"మీ అక్క పలకడం లేదురా. కళ్ళు తెరుస్తుంది, మళ్ళా మూస్తుంది. ఒళ్ళు కాలిపోతుంది."

నేను పోయేసరికి ఆటో వాకిట్లో ఉంది. ఇద్దరం ఎత్తి కూర్చోబెట్టాం. ఆమె ఎంత తేలిగ్గా ఉందో చేతులకు తెలిసింది. కాలు చీలమండ దాకా వాచి ఉంది, దాని నుంచి వాసన వస్తోంది. ఆమె ఊపిరిలో ఇంకో వాసన, మిగలపండి చెడిపోయిన పండు వాసన. నెల్లూరు చేరేదాకా ఆ రెండు వాసనల మధ్య కూర్చున్నాను. బావ దారంతా "అయిపోయింది, వచ్చేసినాం, అయిపోయింది" అంటూనే ఉన్నాడు. సముద్రం గాలి వెనకబడి ఊరి వేడి మొదలైన చోట అక్క ఒక్కసారి కళ్ళు తెరిచి, "దప్పిక," అంది.

ఆసుపత్రిలో నర్సు అక్క వేలు పొడిచి, చిన్న మీటరులో రక్తం పెట్టింది. అంకె రాలేదు. "హై" అని రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఆమె ఇంకో వేలు పొడిచింది. మళ్ళీ అదే. పరుగులాంటి నడకతో డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

"షుగరు ఎన్నేళ్ళ నుంచి ఉంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"షుగరా?" అన్నాడు బావ. "లేదు మేడమ్. ఆమె చక్కెర మానేసి నాలుగు నెలలైంది."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఈ మధ్య బరువు తగ్గారా?"

నేను చెప్పాను. ఎనభై నాలుగు నుంచి అరవై నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. గ్రాములతో సహా చెప్పాను.

ఆమె రాస్తున్నది ఆపి నన్ను చూసింది. "ఇంత కచ్చితంగా చూసుకున్నారు గదా. ఎవరికీ అనుమానం రాలేదా?"

ఆమె మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? అమ్మకు, నాన్నకు?"

లేదని చెప్పబోయి ఆగిపోయాను. మా అమ్మ నా పన్నెండో ఏట పోయింది. కాలి పుండుతో పోయిందనే ఊళ్ళో చెప్పుకున్నారు. మడమకు చుట్టిన పాత చీర గుడ్డ, ఆ గుడ్డ మీద ఈగలు, మంచం పక్కన ఎప్పుడూ నిండుగా ఉండే నీళ్ళ కుండ. అప్పుడు దానికి ఎవరూ వేరే పేరు పెట్టలేదు. అక్కకు అప్పుడు పదిహేడేళ్ళు. ఆ గుడ్డ మార్చింది అక్కే.

"అమ్మకు ఉన్నట్టుంది," అన్నాను.

అక్కకు ఆ జబ్బు ఎన్నో ఏళ్ళుగా ఉండి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. కాళ్ళలో స్పర్శ ఒక్క ఎండాకాలంలో పోదట. తిన్నది ఒంటికి పట్టక, ఒళ్ళే కరిగి నీళ్ళలాగా పోతోందట. ఆ పండ్లూ తేనే ఖర్జూరాలూ దాన్ని ఇంకా ఎగదోశాయట.

"కొర్రలు తినడం మంచిదే, లెక్క చూసుకోవడం మంచిదే," అంది. "ఒక్కసారి రక్తం చూపించుకుని ఉండాల్సింది."

మరుసటి రోజు కుడికాలి చివరి రెండు వేళ్ళు తీసేశారు. ఇంకా పైదాకా తీయాల్సి రావొచ్చు అన్నారు. మూడు రోజులు ఆ మాటకు భయపడుతూనే గడిపాం. నాలుగో రోజుకు జ్వరం దిగింది. కాలు నిలిచింది.

అక్క ఆసుపత్రిలో ఉండగా ఒక రోజు నేను ఆమె కుట్టుమిషన్ ఉండే ముందుగది తలుపు తీశాను. పెళ్ళివాళ్ళ జాకెట్లు ఇవ్వాల్సినవి ఉన్నాయని బావ పంపించాడు. మూట విప్పుతుంటే పై వీధిలో ఉండే ఒకామె వచ్చి నిలబడింది.

"అక్క యాడుందన్నా? చెప్పాలనుకుంటుండా. ఆ గోడ మీద రాసుండేదే నేను కూడా మొదలుపెట్టినా. పది రోజుల్లో నాలుగు కిలోలు!"

నేను ఆమె చెంపల వైపు చూశాను. ఏమీ తెలియడం లేదు. ఎవరి మొహం చూసినా అప్పుడు నాకు ఏదీ తెలియని స్థితి. "షుగరు చూపించుకోమ్మా ముందు," అన్నాను. ఆమె మొహం చిన్నబుచ్చుకుని, తన జాకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. నేను గోడ మీది కాగితం చించేశాను. బంక అంటిన చోట సున్నం ఊడి వచ్చింది.

ఇంటికి వచ్చాక అక్క పొద్దునా రాత్రీ పొట్టలో ఇన్సులిన్ పొడుచుకోవడం నేర్చుకుంది. మళ్ళీ కాస్త ఒళ్ళు చేసింది. వీధిలోవాళ్ళు, "పాపం, అంత కష్టపడి తగ్గింది, మళ్ళా వచ్చేసిందే," అనేవాళ్ళు. మిషన్‌కు మోటారు పెట్టించాడు బావ. ఎడమకాలితో నొక్కుతుంది ఇప్పుడు.

ఒక సాయంత్రం ఆమె దగ్గర కూర్చుని ఉండగా చెప్పేశాను. ఆ రోజు ఆమె తిండి దొంగచాటుగా లెక్కకట్టానని, తగ్గకూడని మనిషి తగ్గుతోందని నాకు తెలుసునని.

మిషన్ ఆగింది.

"తెలుసా?"

"తెలుసు. గుంటలో అయితే ఆ రోజే పరీక్షకు పంపించుంటా."

ఆ తర్వాత పదిహేను రోజులు అక్క నాతో మాట్లాడలేదు. పోయి కూర్చుంటే లేచి లోపలికి వెళ్ళిపోయేది. పదహారో రోజున తనే ఫోను చేసి రమ్మంది.

"ఆ రోజు నువ్వు చెప్పుంటే నేను వినుంటానా?" అని అడిగింది.

"వినుండవు."

"వినుండను," అని ఒప్పుకుంది. ముందున్న గుడ్డను చేత్తో సాపు చేసింది. "అయినా చెప్పుండాల్సిందిరా."

అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అందరూ పరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పిన మాటను నేను రెండు నెలలు వాయిదా వేశాను. ఆ తర్వాత మా ఆవిడ నన్ను పరగడుపున బస్సెక్కించి తీసుకుపోయింది. కాగితం చూసి డాక్టరమ్మ, హద్దు మీద ఉంది అంది. ఇంకా రాలేదు గానీ ఎంతో దూరంలో లేదంది. మూడు నెలలకోసారి రమ్మంది. ప్రతిసారీ ఆ కాగితం చేతికి వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని, నా పాదాలతో నేల చల్లగా ఉందా లేదా అని చూసుకుంటాను.

అక్కకు రోజూ అరికాళ్ళు చూసుకోమని చెప్పారు. ముట్టుకుంటే తెలియదు కనక కంటితో చూసుకోవాలి. నేల మీద అద్దం పెట్టుకుంటుంది, కానీ చూపు ఇప్పటికీ సరిగ్గా లేదు. అందుకని పొద్దున పనికి పోతూ నేను ఆగుతాను. ఆమె స్టూలు మీద కూర్చుని కాలు నా ఒళ్ళో పెడుతుంది. వేళ్ళు లేని చోట చర్మం పలచగా, గులాబీ రంగులో మెరుస్తుంటుంది.

"ఏమైనా ఉందా?"

"ఏమీ లేదక్కా."

"వెలుతురులోకి తిప్పి చూడు," అంటుంది. తిప్పి, మళ్ళీ చూస్తాను.